గొట్టంలో తేటనీళ్లు

చిరంజీవి దువాంగ్‌తాకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగిపోయాను. నేను క్షేమం, గేదెలు క్షేమం, కోళ్లయితే మరీ క్షేమం. మీ నాన్న సంగతి కింద రాస్తాను, నీ అలవాటు కొద్దీ ఆఖరి పేజీ ముందు తీయకు. ఫోన్ చేసి చెప్పొచ్చుగా అంటావు. గుంజల మీద లేపిన మన చెక్కగోడల ఇంట్లో గుసగుసలాడినా ఆయన చెవిన పడుతుంది. అందుకే ఇంటి కింద మగ్గం ముందు కూర్చుని రాస్తున్నాను. చప్పుడు ఆగితే చాలు, "ఏమే, నిద్రపోయావా?" అని పైనుంచి కేకేస్తున్నాడు. నాలుగు పోగులు నేసి మళ్లీ రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే విసుక్కోకు.

నువ్వు పంపిన దుప్పటి అందింది, మెత్తగా ఉంది. నాట్లు అయిపోయాయి. రయాంగ్‌లో మీ ఫ్యాక్టరీ వాళ్లు కోతలకు సెలవిస్తారో లేదో గట్టిగా కనుక్కో.

నాన్న గంజాయి గొట్టాన్ని నిజంగానే చీల్చి పొయ్యిలో పెట్టాడా అని అడిగావు. కిందటి ఉత్తరంలో నేను అలాగే రాశాను కదా. అది అబద్ధం, తల్లీ.

బళ్లో పిల్లలు నిన్ను "గంజాయోడి కూతురు" అని ఏడిపించింది నేను మర్చిపోలేదు. ఆ గుడగుడ వినిపించినంత కాలం ఈ మెట్లు ఎక్కనని నువ్వు వెళ్లిపోతే నిన్ను తప్పు పట్టనూ లేదు. నేను మాత్రం తక్కువ తిట్టానా? కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ వెదురు గొట్టం నాకు సవతి. కానీ కడుపులో క్యాన్సర్ అని మందు ఎక్కించాక ఆయన గుక్కెడు గంజి కూడా నిలుపుకోలేకపోయాడు. ఆరోగ్య కేంద్రం డాక్టరమ్మ గంజాయి నూనె చుక్కలు ఇచ్చింది, అవీ కక్కేశాడు. ఓ సాయంత్రం గొట్టం తీసి రెండు దమ్ములు లాగి, కాసేపటికి "ఏమే, కాల్చిన చేప ఏమన్నా ఉందా?" అన్నాడు. జిగురన్నం ముద్దలు చేసి పెడితే తిన్నాడు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ పూటతో గొట్టాన్ని తిట్టడం మానేశాను.

డాక్టరమ్మకు చెబితే తల పట్టుకుంది. చివరికి ఆకు కొనుక్కోవడానికి చీటీ రాసిచ్చి, "ఈయన రక్తంలో బలం లేదమ్మా. పాత నీళ్లలో బూజు పడితే అది నేరుగా ఛాతీలోకి పోతుంది. పీల్చక తప్పదంటే ఆ గొట్టాన్ని పసిపిల్ల పాలసీసాలా చూసుకోండి" అంది. చూసుకునేది ఎవరు? నేనే.

రోజూ పొద్దున్నే రాత్రి నీళ్లు పారబోస్తాను. అబ్బ, ఆ కంపు! నీళ్లు నల్లగా, కుళ్లిన చేపల కుండలా ఉండేవి. పక్కన గుచ్చిన సన్నగొట్టాన్ని ఊడదీసి, ఉప్పూ నిమ్మరసం కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, కోడి ఈకతో లోపలి జిగురు తోస్తాను. పెద్ద గొట్టంలో గుప్పెడు ఉప్పుగల్లు వేసి ఆడిస్తాను. తర్వాత నీడలో బోర్లించాలి. ఆరాక, ఆయన ఖేన్ వాయిద్యానికి పూసే నల్ల తేనెమైనమే కాస్త వెచ్చజేసి, సన్నగొట్టం చుట్టూ గాలి పోకుండా అద్దాలి. ఇదంతా ఆయన పైనుంచి అజమాయిషీ చేస్తుండగానే.

"ఏయ్, ఎండలో పెట్టకు, చీలిపోద్ది!"

"నీ గొట్టం కంటే ముందు నేను చీలిపోయేలా ఉన్నాను."

"సబ్బు గానీ పెట్టావా?"

"ఉప్పు, నిమ్మకాయ, వేడినీళ్లు. నా ఒంటికి ఏనాడైనా ఇంత సేవ జరిగిందా?"

ఆయన నవ్వేవాడు. నవ్వి, తినేవాడు. ఇంత జరుగుతుంటే నీకు మానేశాడని ఎందుకు రాశానంటావా? నువ్వు రావాలని. మరే కారణమూ లేదు.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. "నాన్న మానేశాడని చదివి బస్సులో అందరి ముందూ ఏడ్చాను. కోతలకు వస్తాను, నాన్న చేత చేతికి దీవెన దారం కట్టించుకుంటాను" అని. ఆ ముక్క మింగేసి చదవాల్సింది. నోరు ఆగక పైకి చదివేశాను. ఆయన "ఆ ముక్క మళ్లీ చదువు" అన్నాడంతే.

ఆ తర్వాత గొట్టంలో నీళ్లు తేటగా రావడం మొదలైంది. నా చేతి శుభ్రం ఎంత గొప్పదో అని మురిసిపోయాను, చూడు నా తెలివి! సాయంత్రం గుడగుడ వినిపిస్తూనే ఉంది, పళ్లెం ఖాళీగా తిరిగి వస్తూనే ఉంది. ఒకరోజు మగ్గం దగ్గరుంటే, ఆయన కూర్చునే చోటికి సరిగ్గా కింద కోళ్లన్నీ చేరి మెడలు పైకెత్తి నిలబడ్డాయి. చెక్కల సందులోంచి అన్నం ముద్ద పడింది. వెనకే ఇంకొకటి.

పైకి పరిగెత్తాను. గొట్టం మూతి దగ్గర పెట్టుకుని గాలి పీలుస్తున్నాడు. సన్నగొట్టం కొసనున్న గిన్నెలో ఆకు లేదు, నిప్పు లేదు. ఉత్త నీళ్ల చప్పుడు.

"ఏవయ్యా, ఏంటిది?"

"అరవకు. పీలిస్తే పిల్ల రాదు. పీల్చట్లేదని చెబితే నువ్వు నా ప్రాణం తీస్తావు."

"తినకపోతే నీ ప్రాణమే పోతుంది కదయ్యా! అది వచ్చేసరికి ఎవరు కడతారు దారం?"

"అబద్ధం నువ్వు రాశావు. దాన్ని నిజం చేసే పని నాకు పడింది" అన్నాడు. అంటూనే కడుపు పట్టుకుని వంగిపోయాడు. లుంగీ జారిపోకుండా తాడు కట్టుకున్నాడు తల్లీ. నేను అది కూడా చూసుకోలేదు.

డాక్టరమ్మ వచ్చి చూసింది. వాకిట్లోకి వచ్చాక, "ఇలాగే తినకుండా ఉంటే కోతల దాకా నేను మాటివ్వలేను" అంది. బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకోబోయాను. "దువాంగ్‌తా బస్సులో ఏడ్చిందే" అంటాడు తప్ప గొట్టం ముట్టించడు. మానమని ఇన్నేళ్లు మొత్తుకున్నదాన్ని, పీల్చమని మొత్తుకుంటున్నాను. మొండితనం ఎక్కడిదని నిన్ను ఇన్నాళ్లూ తిట్టేదాన్ని. ఎక్కడిదో ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను.

ఈ గొట్టాన్ని క్షమించమని నిన్ను అడగను. నీ చిన్ననాటి అవమానం నీది, దాన్ని తుడిచే హక్కు నాకు లేదు. కోపం మాత్రం నా మీద చూపించు, అబద్ధం నాది. నాకు జవాబు రాయకపోయినా సరే. ఆయనకు రాయి. కళ్లజోడు లేకపోయినా కనబడేలా పెద్ద అక్షరాలతో, "నాన్నా, పీల్చు, తిను, నేను వస్తున్నాను" అని. నా మాట ఆయన వినడు. కోతల దాకా ఆగకుండా ఆ ఉత్తరం నువ్వే చేత్తో తెస్తే ఇంకేమీ అక్కర్లేదు.

ఈ పొద్దున కూడా గొట్టం కడిగి, ఆరబెట్టి, మైనం అద్ది, ఆయన తలగడ పక్కన పెట్టాను. నిన్న పోసిన నీళ్లు నిన్నటిలాగే వచ్చాయి, మొహం కనబడేంత తేటగా. అవి నల్లగా వచ్చే పొద్దు కోసం కాచుకుని ఉన్నాను, తల్లీ. ఆ కంపు కోసం.

ఇట్లు,
మగ్గం ఆపకుండా నీ దారి చూస్తున్న
మీ అమ్మ బువాఫన్