రెక్క కోసే ముందు

తాష్కెంట్, నవంబరు 4

ముకర్రమ్ అక్కకు సలాం.

మన విమానాల ఫ్యాక్టరీ మళ్ళీ తెరిచారని పేపర్లో చదివి, అక్కడ రష్యాలో, సమారాలో గది ఖాళీ చేసి పనికి వచ్చేస్తానని రాశారు. తెరిచిన మాట నిజమే. ఇప్పుడు అక్కడ కిటికీ చట్రాలు చేస్తున్నారు. ముప్పై నలుగురం ఉన్నాం. రేకులు బిగించే రివెట్లు కొట్టడం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పని ఇప్పుడు లేదు.

మన ఆఖరి విమానం రెక్క పన్నెండేళ్ళుగా షెడ్డులోనే పడి ఉంది. మీరు లోపల దూరి ఇనుపదిమ్మ ఆనించి పట్టుకుంటే, నేను బయటినుంచి రివెట్లు కొట్టిన రెక్క అది. కరిగించడానికి దాన్ని ముక్కలు చేయమని సోమవారం నాకే చెప్పారు.

రంపం పెట్టేముందు అలవాటుకొద్దీ మూడుసార్లు తట్టాను. ఆ రోజుల్లో లోపల మీరుంటే, సిద్ధమేనని తిరిగి తట్టేవారు.

మేస్త్రీ షెర్జోద్ నవ్వాడు. "ఏం తాతా, లోపల పెళ్ళాన్ని దాచావా? కానియ్, లారీ ఆగి ఉంది."

"ఉండరా బాబూ, లోపల మనిషి ఉంటే?"

"పన్నెండేళ్ళ నుంచా?"

చెవి ఆనించి కాసేపు నిలబడ్డాను. తర్వాత కోశాను. సాయంత్రానికి పనైపోయింది.

గది ఖాళీ చేయకండి అక్కా. మీరు వచ్చినా, దూరి కూర్చోవడానికి ఇక్కడ రెక్క లేదు.