ఖాళీ బండి సైరన్

మార్చి 3

ఇవాళ డిపోలో క్లాసు. ఏడాదికోసారి తప్పదు. సూపర్‌వైజర్ కాగితం చూసి గడగడా చదివేశాడు. నీలం లైటు అంబులెన్సుకి, ఎరుపు ఫైరింజనుకి, పసుపు రోడ్లు ఊడ్చే బండికీ, చెడిపోయిన కార్లు లాక్కెళ్ళే బండికీ. పేషెంటు కోసం వెళ్ళేటప్పుడు, పేషెంటుతో ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు తప్ప మేం లైటూ సైరనూ వేయకూడదు. ఖాళీగా తిరిగొస్తుంటే మాదీ అందరి బండిలాంటిదే. సిగ్నల్ పడితే ఆగాలి, జామ్‌లో ఇరుక్కుంటే ఇరుక్కోవాలి.

నా పక్కన సగం డాక్టర్ కునుకు తీశాడు. మా బండిలో టెక్నీషియన్ వాడు. మందుల పేర్లన్నీ నోటికొచ్చు, అందుకని డిపో అంతా వాడిని అలాగే పిలుస్తుంది. చివర్లో అందరం సంతకాలు పెట్టాం. పదిహేడేళ్ళుగా పెడుతున్నాను. ఒక్కసారి కూడా రూలు తప్పలేదు.

మార్చి 9, సాయంత్రం 7

తప్పాను.

పొద్దున ఎనిమిదిన్నరకి ఒక ముసలాయన్ని ఆసుపత్రిలో దింపి తిరిగొస్తున్నాం. మా అమ్మాయి ఫోన్ చేసింది, ఎవరి ఫోన్‌లోంచో. మొదట ఏడుపే వినిపించింది. పరీక్ష హాల్‌టికెట్ ఇంట్లో మర్చిపోయిందట. తొమ్మిదికి గేటు మూసేస్తారట. వాళ్ళమ్మ అప్పటికే పనికి వెళ్ళిపోయింది. మా ఇల్లు దారిలోనే. ఆగి, బల్ల మీదున్న కాగితం తీసుకుని మళ్ళీ బండెక్కాను. అదీ తప్పే. అక్కడితో ఆగినా చిన్న తప్పయ్యేది.

బ్రిడ్జి మీద జామ్. ఎనిమిదీ నలభై ఎనిమిది. ముందు తక్కువలో తక్కువ అరవై బండ్లు. చెయ్యి దానంతటదే వెళ్ళి స్విచ్ మీద పడింది.

దానంతటదే కాదు. నేనే వేశాను.

సగం డాక్టర్ ఒకే మాట అన్నాడు, "అన్నా, ఖాళీ కదా" అని. వినపడనట్టు ఊరుకున్నాను. జనం ఎంత బుద్ధిగా జరిగారో. బస్సు జరిగింది, కార్లు జరిగాయి, ఒకాయన ఫుట్‌పాత్ మీదకి ఎక్కించేశాడు. బ్రిడ్జి దిగేచోట ఎడమపక్క ఒక స్కూటరు మరీ అంచుకి పోయింది. అద్దంలో అది ఊగినట్టనిపించింది. మళ్ళీ అద్దంలోకి చూడలేదు.

గేటు మూయడానికి రెండు నిమిషాలుంది. అమ్మాయి కాగితం లాక్కుని పరుగెత్తింది. మొత్తం నాలుగు నిమిషాల సైరన్.

తొమ్మిదీ ఐదుకి కంట్రోల్ రూమ్ నుంచి కాల్. బ్రిడ్జి దిగేచోట స్కూటరు పడింది, ఆడమనిషి, కాలికి దెబ్బ, దగ్గర్లో ఉన్నది మీ బండే, వెళ్ళండి అన్నారు.

ఆవిడ రోడ్డంచున కూర్చునుంది, ఒక చెప్పు చేత్తో పట్టుకుని. యాభై ఉంటాయేమో. కుడి పాదం ఉండాల్సిన తీరులో లేదు. అంబులెన్సుకి దారివ్వబోతే చక్రం కాలవలోకి జారి, స్కూటరు కాలి మీద పడిందట. ఆ అంబులెన్సు మాదేనని ఎవరూ పోల్చుకోలేదు. మా బండ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి.

స్ట్రెచర్ ఎత్తుతుంటే నా మొహంలోకి చూసి అడిగింది.

"డ్రైవర్‌గారూ, ఆ బండిలో మనిషి బతికారా?"

సగం డాక్టర్ తల వంచుకుని ఆక్సిజన్ గొట్టం సర్దుతున్నాడు. అప్పుడు దానితో పనే లేదు.

కనుక్కుంటానమ్మా అన్నాను.

మార్చి 10

అమ్మాయి పరీక్ష బాగా రాసిందట. టైముకి అందించినందుకు ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. ట్రిప్ షీట్‌లో ఆ నాలుగు నిమిషాలు రాయలేదు.

మార్చి 12

ఇంకో పేషెంటుని దింపాక కాళ్ళు ఎముకల వార్డు వైపు లాగాయి. ఆవిడ టైలరట. సొంత కొట్టు, పైన ఒక గది. పెళ్ళి చేసుకోలేదు. నన్ను చూడగానే గుర్తుపట్టింది, కనుక్కున్నారా అంది.

"బతికాడమ్మా."

నోట్లోంచి ఊడిపడింది. మగమనిషా అంది. అవునన్నాను. ఏమైందంది. గుండెపోటు. వయసెంతంది. నలభై ఆరు. నా వయసే అది. అబద్ధంలో కూడా కొత్త మనిషిని పుట్టించలేకపోయాను.

ఆవిడ పక్క మంచం ముసలమ్మకి చెప్పింది, నర్సుకి చెప్పింది. వాళ్ళన్నయ్య అక్కడే ఉన్నాడు, లిఫ్టులు బాగుచేసే పని. అతనికి నచ్చలేదు. అంబులెన్సయితే మాత్రం రోడ్డు మీద మనుషులు కనపడరా, కంప్లైంట్ ఇస్తానంటున్నాడు. ప్రాణం మీదికొచ్చినవాడు నీ చెల్లెలి స్కూటరు కోసం ఆగుతాడా అని ఆవిడే నోరు మూయించింది.

మార్చి 14

సగం డాక్టర్ మాట్లాడడం లేదు. బండిలో ఇద్దరం ఎడమొహం పెడమొహం.

మార్చి 17

ఆపరేషన్ అయింది. చీలమండలో ప్లేటు వేశారు. ఇక మునుపటిలా వంగదని డాక్టర్ చెప్పాడట. మోటార్ మిషన్‌కైనా తొక్కాల్సింది కాలే. ఎడమకాలికి ట్రైనింగ్ ఇస్తాను, ఇన్నాళ్ళూ ఊరికే కూర్చుని తింది కదా అని నవ్వింది. తర్వాత గోడ వైపు తిరిగింది.

వెళ్ళొస్తానంటే ఆపింది. ఆ గుండెపోటాయన కోలుకున్నాక ఒక్కసారి చూపించమంది. అన్నయ్య ఇంకా కుతకుతలాడుతున్నాడట. మనిషిని కళ్ళతో చూస్తే చల్లబడతాడట.

సరేనన్నాను. ఏం సరే?

మార్చి 18

మా ఆవిడకి చెప్పేశాను. చపాతీ కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంగతంతా విన్న బావమరిది మాత్రం చిటికెలో తేల్చేశాడు. ఇన్సూరెన్స్ ఏజెంటు వాడు. నోరు తెరిస్తే మూయడు. గుండెపోటొచ్చినవాడిలా పది నిమిషాలు నడవడం ఎంతసేపు బావా, నేనొస్తాను అన్నాడు.

మా ఆవిడ వద్దంది. ఇప్పుడే వెళ్ళి చెప్పేయండి, ఇవాళ గోరుతో పోయేది రేపు గొడ్డలితో కూడా పోదు అంది.

నేను బావమరిది మాటకే ఊ కొట్టాను. కాలు విరిగినావిడ సంతోషం కోసమని ఇక్కడ రాసుకోవచ్చు. అది కాదు. వాళ్ళన్నయ్య కంప్లైంట్ ఇస్తాడని భయం.

మార్చి 22, ఆదివారం

వెళ్ళాం. ఆవిడ ఇంటికొచ్చేసింది. మంచం కిటికీ పక్కన వేశారు, కాలు రెండు దిండ్ల మీద. బావమరిది రెండు మెట్లకోసారి ఆగుతూ ఎక్కాడు. బాగా చేస్తున్నాడనే అనుకున్నాను. దేవుడు క్షమించడు.

ఆవిడ వాడిని దగ్గరికి పిలిచి, కూర్చోమని, మొహం అంతా తేరిపార చూసింది. పిల్లలెందరు అంది. ఇద్దరన్నాడు, అది నిజమే. ఉప్పు తగ్గించమంది. మెట్లు ఎక్కించినందుకు ఏమీ అనుకోవద్దంది. వాళ్ళన్నయ్య వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకున్నాను, మనసులో పెట్టుకోకండి అన్నాడు.

మా వాడు తల మాత్రం ఊపాడు. పది పాలసీలు అమ్మే నోరు.

కిందికొచ్చాక వీధరుగు మీద కూలబడ్డాడు. ఇప్పుడు నిజంగానే గుండె పట్టేసింది బావా, ఇంకెప్పుడూ నన్ను ఇలాంటిదానికి పిలవకు అన్నాడు. దారిలో వేరే బస్సెక్కి వెళ్ళిపోయాడు.

మార్చి 25, మధ్యాహ్నం 2

సూపర్‌వైజర్ గదిలోకి పిలిచాడు. సైరన్ ఎప్పుడు మోగినా కంప్యూటర్‌లో పడుతుందని మాకు తెలుసు, ఎవరూ చూడరనుకుంటాం. చూశారు. మార్చి తొమ్మిది, నాలుగు నిమిషాలు, కేసు నంబరు లేదు. పైనుంచి వివరణ అడిగారు.

ఆయన చెడ్డవాడు కాదు. తలుపు దగ్గరికి వేసి, ఒక కాగితం ముందు పెట్టాడు. కాల్ వచ్చింది, బయల్దేరాం, మధ్యలో క్యాన్సిల్ చేశారు. అంతే రాసుంది. కింద ఇద్దరి సంతకాలకి చోటు. పదిహేడేళ్ళ సర్వీసు, నాలుగు నిమిషాలకి పాడు చేసుకోకు అన్నాడు. ఎల్లుండిదాకా టైమిచ్చాడు.

సగం డాక్టర్ అప్పటికే సంతకం పెట్టేశాడు. బయట బండి టైరు మీద కాలు పెట్టి నిలబడున్నాడు. వాళ్ళావిడకి ఏడో నెల. అన్నా, నీ కోసం పెట్టలేదు, నా కోసం పెట్టాను, నువ్వూ పెట్టేయ్ అన్నాడు. పదహారు రోజుల్లో వాడు నాతో మాట్లాడింది అదే.

కాగితం జేబులో ఉంది. ఒక్క సంతకం పెడితే ఆ రోజు నిజంగానే ఎవరో పిలిచినట్టు అయిపోతుంది. ఈ ఊళ్ళో నిజం తెలిసినవాళ్ళు నలుగురం. నలుగురం మా వాళ్ళమే. ఎవరూ చెప్పరు.

మార్చి 26, పొద్దున 6

పెట్టను.

ఎందుకో ఆలోచిస్తే తెలియడం లేదు. ధైర్యం మాత్రం కాదు. వాళ్ళన్నయ్య మా వాడి చేతులు పట్టుకున్న తీరు కళ్ళ ముందునుంచి పోవడం లేదు.

వేరే కాగితం రాశాను. స్విచ్ వేసింది నేనే, టెక్నీషియన్ వద్దన్నాడు, నేను వినలేదు, కాల్ క్యాన్సిల్ అయిందన్న కాగితం మీద అతను భయపడి సంతకం పెట్టాడు. అన్నీ ఒక పేజీలో పట్టేశాయి.

సాయంత్రం 6

ఆఫీసులో ఇచ్చే ముందు ఆవిడకి చెప్పాలనిపించింది. వెళ్ళాను.

వాళ్ళన్నయ్య బాత్రూమ్ గోడకి పట్టుకోవడానికి కడ్డీ బిగిస్తున్నాడు, డ్రిల్ మిషన్ మోత. ఆవిడ మంచం మీద కూర్చుని చొక్కాకి చేత్తో కాజాలు కుడుతోంది. ఆయన ఎలా ఉన్నారని అడిగింది. నేను నిలబడే చెప్పాను.

"ఆ రోజు బండిలో ఎవరూ లేరమ్మా."

"లేకపోవడమేంటి?"

"ఖాళీ బండి. నడిపింది నేనే. మా అమ్మాయి హాల్‌టికెట్ ఇవ్వడానికి వెళ్తున్నాను."

లోపల డ్రిల్ ఆగింది. ఆవిడ సూది చొక్కాలో గుచ్చి, చొక్కా మడిచి పక్కన పెట్టింది.

"మరి మొన్న వచ్చినాయన?"

"మా బావమరిది."

తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. చిన్న గొంతుతో అంది.

"కాలు సలిపినప్పుడల్లా ఆయన్ని తలుచుకున్నాను. పోతే పోయింది, దాని బదులు ఒక మనిషి ఉన్నాడు కదా అని. ఇప్పుడు ఆ మనిషిని కూడా తీసుకుపోతున్నారు మీరు."

వాళ్ళన్నయ్య గుమ్మంలో నిలబడున్నాడు, చేతిలో డ్రిల్. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండనుకున్నాను. అతను చెల్లెలి వంకే చూస్తున్నాడు.

వెళ్ళండి అంది ఆవిడ. మీరు అనే అంది.

మార్చి 27

కాగితం ఇచ్చాను. సూపర్‌వైజర్ చదివి, నీకు పిచ్చా అన్నాడు. తాళాలు తీసుకున్నాడు.

మార్చి 29

అమ్మాయికి తెలిసింది. మేము చెప్పలేదు, బావమరిది నోరు. రోజంతా గదిలోంచి రాలేదు. సాయంత్రం వచ్చి నా ఎదురుగా నిలబడింది. "నేను హాల్‌టికెట్ తెమ్మన్నాను నాన్నా. సైరన్ వేయమనలేదు." అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

నిజమే.

ఏప్రిల్ 7

ఎంక్వయిరీ. పొడుగాటి బల్ల, ముగ్గురు ఆఫీసర్లు. ఆవిడని కూడా పిలిచారు. రెండు కర్రల మీద వచ్చింది, వెనకాల వాళ్ళన్నయ్య కుర్చీ మోసుకుంటూ. నా వైపు చూడలేదు.

ఏం చర్య తీసుకోమంటారని ఆవిడని అడిగారు. అది మీ పని, నన్నడగొద్దు అంది. తర్వాత తనంతట తనే చెప్పింది. మొన్న కట్టు మార్పించుకోవడానికి ఆటోలో వెళ్తుంటే వెనక సైరన్ వినపడిందట. ఆటో అబ్బాయి పక్కకి తీయబోతే, ఆగు, అందులో ఎవరైనా ఉన్నారో లేదో అని నోటిదాకా వచ్చిందట.

"ఇన్నేళ్ళలో నాకలాంటి మాట ఎప్పుడూ రాలేదండీ. అది రాసుకోండి."

రాసుకున్నారు.

ఏప్రిల్ 10

ఇకమీదట లైటూ సైరనూ ఉన్న ఏ బండీ నేను నడపకూడదు. డిపోలో బండ్లు కడగడం, షిఫ్టుకి ముందు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడడం నా పని. వాళ్ళన్నయ్య పెట్టిన కేసు కోర్టులో నడుస్తుంది. ఒప్పుకుంటానని చెప్పాను. సగం డాక్టర్‌కి హెచ్చరికతో పోయింది. వేరే డ్రైవర్‌తో వెళ్తున్నాడు. ఇవాళ బండి దిగి, నా బకెట్టు పంపు దగ్గరికి మోసిపెట్టి వెళ్ళాడు.

ఏప్రిల్ 18

పని నుంచి నడిచొస్తున్నాను. వెనక సైరన్. బండ్లన్నీ పక్కకి జరిగాయి, ఒక నల్ల కారు తప్ప. హారన్ కొట్టినా కదల్లేదు. నేను రోడ్డు మధ్యకి పరుగెత్తి ఆ కారు బానెట్ మీద రెండు చేతులతో కొట్టాను. జరుగు, జరుగు అని అరిచాను. ఎంతసేపు అరిచానో తెలియదు. కారాయన భయపడి జరిపాడు. అంబులెన్సు వెళ్ళిపోయింది. అద్దాలకి తెరలున్నాయి.

ఎవరో నన్ను చెయ్యి పట్టి పక్కకి తీసుకొచ్చి, లోపల మీవాళ్ళా అని అడిగారు.

అవునన్నాను.