గ్యాస్ వదిలే నక్షత్రాలు

ఏమండీ,

ఇవాళ మీ పుట్టినరోజని సేమ్యా పాయసం చేశాను. సాకేత్‌లో అబ్బాయి ఇంట్లో అందరం తింటున్నాం. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే మన మనవరాలు చిన్ని ఉన్నట్టుండి తెలుగు మొదలుపెట్టింది! కాలేజీలో నక్షత్రాల గురించి చదువుతోందిగా, ఆ సంగతి మీకు చెప్పాలట. మీ ఫొటో వైపు తిరిగి గంభీరంగా అంది:

"తాతయ్యా, సూర్యుడి లాంటి నక్షత్రాలు ముసలివి అయితే బాగా ఉబ్బుతాయి. తర్వాత మెల్లగా గ్యాస్ వదులుతాయి."

నేనిక ఆగలేకపోయాను. "అచ్చం మీ తాతయ్యే! మరి వాటికి వాము ఎవరు పెడతారే, పాపం?"

అబ్బాయికి పొలమారింది. చిన్నికి అర్థం కాలేదు. రిటైరయ్యాక మీరు పెంచిన పొట్ట గురించీ, భోజనం కాగానే మీరు నమిలే వాము గురించీ వాళ్ల నాన్న చెప్పాక అరిచింది: "దాదీ! వో వాలా గ్యాస్ నహీ!" ఆ గ్యాస్ కాదట!

తర్వాత మాటలు వెతుక్కుంటూ చెప్పింది: "అది చాలా దూరం పోతుంది నానమ్మా. అందులోంచే మళ్లీ కొత్త నక్షత్రాలు పుడతాయి. ఏదీ వేస్ట్ కాదు."

అంతలో వాము గుర్తొచ్చినట్టుంది, నవ్వు అందుకుంది. ముందు చప్పుడు లేకుండా భుజాలు ఊగాయి, కళ్లు మూసుకుపోయాయి, ఆఖర్న ఎక్కిళ్లు. అబ్బాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మీ నవ్వు ఎక్కడికి పోయిందా అనుకున్నాను ఇన్నాళ్లూ. ఇదిగో, ఇక్కడే ఉందండీ. ఇంకో గిన్నె పాయసం అడుగుతోంది.