అల్లుడికి రాసిచ్చిన కాగితం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడుకి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ నాన్నగారూ కులాసా. ‘సౌభాగ్యవతి’ అని రాయొచ్చో లేదో తెలియక నీ లాయరమ్మనే అడిగాను. “విడిగా ఉన్నంత మాత్రాన పెళ్లి పోదండీ, రాయండి” అంది. అందుకని రాశాను. ఇలాంటివి కూడా ఒకరిని అడిగి రాయాల్సి వస్తుందని ఎవరనుకున్నారు.

నా మోకాలు ఎలా ఉందని అడిగావు. అలాగే ఉంది. ఆ లాయరమ్మ ఆఫీసు మూడో అంతస్తులో పెట్టింది. కాపురం చెడినవాళ్లందరికీ మోకాళ్లు గట్టిగా ఉంటాయనుకుందో ఏమో. నీ గది గడియ సరిగా పడుతోందా? నువ్వు పని నేర్చుకుంటున్న షాపులో కళ్లద్దాలు అరగదీసేటప్పుడు ఆ పొడి కంట్లో పడకుండా చూసుకో. చెబితే విసుక్కుంటావు, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

లాయరమ్మ చెప్పినదంతా విన్నాను. విడిగా ఉంటామని ఇద్దరూ కూర్చుని కాగితం రాసుకోవచ్చట. ఆరు వారాలు నీతో నోరు విప్పకుండా, చెప్పాల్సిందంతా చీటీలు రాసి అద్దం మీద అంటించిన మీ ఆయన, ఎదురుగా కూర్చుని రాస్తాడా? అది కుదరదనే, విడిగా ఉండటానికి కోర్టునే ఉత్తర్వు అడుగుతూ నీ తరఫున కేసు వేసిందట. పెళ్లి ఉంటుంది, కాపురం ఉండదు.

“మరి అందులో మనకు ఒరిగేదేమిటమ్మా?” అన్నాను.

“కాపురానికి రమ్మని అతను మీ అమ్మాయిని బలవంతపెట్టలేడు. విడాకుల సంగతి ఆమె నిదానంగా ఆలోచించుకోవచ్చు.”

అది చాలన్నాను. ఇంటికొచ్చి చెబితే మీ నాన్నగారు పేపరు దించకుండానే, “పెళ్లి ఉండి మొగుడు మాట వినేవాళ్లు లేకపోవడం మనింట్లో కొత్తా?” అన్నారు. ఆయనకు వేళాకోళం. నాకు ఒళ్లు మండిపోయింది.

నువ్వు ఇల్లు వదిలిన తేదీ అడిగావు. మార్చి పదకొండు. నేను కంట్లో మందు వేయించుకొచ్చిన మర్నాడు. అతను లోపల గడియ పెట్టుకుంటే వానలో మెట్ల మీద రెండు గంటలు నిలబడి, తడిసిన బట్టలతోనే మనింటికి వచ్చావు. మరచిపోతానా? సాక్ష్యం చెబుతావా అని కూడా అడిగావు. చిక్కంతా అక్కడే వచ్చింది. మూడు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి ఆపేస్తున్నాను.

నువ్వు మనింటి నుంచి కళ్లద్దాల పని నేర్చుకోవడానికి ఆ ఊరు వెళ్లిన నెలకి అతను పళ్లు పట్టుకుని వచ్చాడు. “అత్తయ్యగారూ, మా ఇంటి యజమాని మీ అమ్మాయి గురించి ఏవేవో అంటున్నాడు. మీరొక్క ముక్క రాసిస్తే అతని నోరు మూయిస్తాను” అన్నాడు. నిన్ను ఎవరో ఏదో అంటున్నారనేసరికి నా బుర్ర పనిచేయలేదు. మా అమ్మాయి పని నేర్చుకోవడానికి వెళ్లింది, అల్లుడితో ఏ గొడవా లేదు, త్వరలో వచ్చేస్తుంది అని రాశాను. ఒకచోట కొట్టివేత పడితే, “మీ దస్తూరి ముత్యాల్లా ఉంది, మళ్లీ ఒకసారి రాయండి” అన్నాడు. నాలుగో తరగతి చదివిన నా రాతను ఈ వయసుదాకా ఒక్కరూ మెచ్చుకోలేదమ్మా. మంచి కాగితం వెతికి మరీ మళ్లీ రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం ఇప్పుడు వాళ్ల లాయరు చేతిలో ఉంది. కన్నతల్లే గొడవ లేదంటోంది, ఇక ఉత్తర్వు దేనికి అంటున్నాడట.

మన లాయరమ్మకు నిన్న అంతా చెప్పాను. తల పట్టుకుంది. “మీరు కోర్టుకొచ్చి అది అబద్ధమని చెప్పాలి. అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా అని అందరి ముందూ నిలదీస్తారు. తట్టుకోగలరా?” అంది.

“వాళ్లు ఒక్కసారి అడుగుతారు. నన్ను నేనే రోజూ అడుగుతున్నాను” అన్నాను.

మంగళవారం వాయిదాకు వస్తున్నాను. నువ్వు వద్దన్నా వస్తాను. వాన సంగతీ, గడియ సంగతీ, పళ్ల సంగతీ అన్నీ చెబుతాను. నా మొహం చూడాలనిపించకపోతే వేరే బెంచీ మీద కూర్చో. అమ్మకు దూరంగా కూర్చోవడానికి ఏ కోర్టు కాగితమూ అక్కర్లేదు.

ఇట్లు,
నీకు కోపం తెప్పించిన
మీ అమ్మ