నా కూతురి కుడికంటి మందు మీద ఏడు సంతకాలు

అయ్యా,

విషయం: నా కూతురు స్టెరాయిడ్ మందు ఎక్కించుకొని తీరవలెనని తమ కార్యాలయము జారీ చేసిన మెమోను రద్దు చేసి, ఆమెకు వైద్య సెలవు మంజూరు చేయుట గురించియు, నా సంతోషమును తమకు తెలియజేసుకొనుట గురించియు.

నేను తమ ప్రభుత్వ ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా పనిచేయుచున్న అమ్మాయి తండ్రిని. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాను. ఉద్యోగం ఉన్నంతకాలం ఒక పెద్ద కార్యాలయంలో లిఫ్టు నడిపాను. తమవంటి అధికారులను పొద్దున పైకి చేర్చడం, సాయంత్రం కిందికి దించడం నా పని. మధ్యలో వారు పైన కూర్చుని ఏం చేస్తారో నాకెప్పుడూ తెలియదు. తమ మెమో చదివాక తెలిసింది.

ముందుగా మనవి చేసుకొనేదేమంటే, నేను మహా సంతోషంగా ఉన్నాను. అర్జీ పెట్టుకొనేవాడు ఏడుస్తూ పెట్టుకోవలెనని తమ వద్ద నిబంధన ఏదైనా ఉంటే మన్నించాలి. మందు ఇప్పుడే వద్దు, కొన్నాళ్ళు చూస్తానని నా కూతురు నిన్న తన నోటితో తాను తేల్చి చెప్పింది. అప్పటినుంచి నా కాళ్ళు నేల మీద లేవు. ఇస్త్రీ చేసే ఆయనకు చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూముఖం తెలియనాయనకు కూడా చెప్పాను. ఇక తమకు చెప్పుకోవడమే మిగిలింది.

నా ఫిర్యాదులు ఈ క్రింది విధముగా ఉన్నవి.

1. నా కూతురి జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. తమ మెమోలో "కండ్లకలక వగైరా" అని వ్రాశారు. కండ్లకలక కాదు. వగైరా అంతకన్నా కాదు. ఒంటిని కాపాడాల్సిన బలగమే దారి తప్పి సొంత నరాల మీది తొడుగును కొరికేసే జబ్బు ఇది. వైరు మీది రబ్బరు ఊడితే కరెంటు తిన్నగా పారదు కదా, అట్లా. కొన్నాళ్ళు ఊరుకుంటుంది, మళ్ళీ తిరగబెడుతుంది. మొదటిసారి ఎడమకాలికి వచ్చింది. ఈసారి కుడికంటి నరానికి. చూపు నడిమధ్యన పొగ పట్టినట్టు ఉంటుందట, కన్ను అటూ ఇటూ తిప్పితే వెనకాల సలుపట. కప్పులో పోయబోయిన టీ బల్ల మీద పోస్తోంది. తమరు మాత్రం కంట్లో నలుసు పడిందన్నంత తేలిగ్గా తీసుకున్నారు.

2. ఈ జబ్బు తిరగబెట్టిందని మాకంటె ముందు కనిపెట్టే అవకాశం తమ కార్యాలయానికే వచ్చింది. దాన్ని తమరు ఎంత చక్కగా జారవిడిచారో మనవి చేస్తాను. ప్రూఫులు దిద్దే ఎర్ర పెన్నులు వెలిసిపోయినట్టు వ్రాస్తున్నాయని మా అమ్మాయి స్టోరు గుమాస్తాకు తిరిగి ఇచ్చేసింది. ఆయన కొత్త పెట్టె తెప్పించాడు. అవీ వెలిసినట్టే ఉన్నాయన్నది. తమ ప్రెస్సులో ఏ కాగితమైనా అన్ని సెక్షన్ల పెద్దలూ సంతకం చేస్తే తప్ప అచ్చుకు వెళ్ళదట. మంచి పద్ధతే. ఆ పద్ధతిలోనే తమరు పెన్నుల మీద కూడా ఫైలు తిప్పారు. కంపోజింగు, మిషను, బైండింగు, స్టోరు, లెక్కలు, రవాణా, అన్నిటికీ పైన తమరు. నిక్షేపంగా రెండేసి కళ్ళున్న ఏడుగురు పెద్దమనుషులు ఆ పెన్నుతో తలా ఒక గీత గీసి, సిరా పలచగా ఉన్నమాట వాస్తవమేనని సంతకాలు చేశారు. ఆ పెన్నొకటి మా ఇంట్లో ఉంది. దాని సిరా నెత్తురంత ఎర్రగా ఉంది. ప్రూఫ్ రీడరు చెప్పింది గనుక నిజమే అయివుంటుందని మొదటాయన పెట్టి ఉంటారు. మొదటాయన పెట్టాడు గనుక మిగతావారు పెట్టి ఉంటారు. ఇది ఎర్రగానే ఉందమ్మా, ఒకసారి కన్ను చూపించుకో అని ఒక్కరు అనలేకపోయారు. ఉన్న రంగును ఉన్నట్టు చెప్పడానికి కూడా తమ వద్ద పై అనుమతి కావాలి కాబోలు.

3. నరాల డాక్టరమ్మ ఒక ఎర్ర సీసా మూత చేతబట్టి, మా అమ్మాయి చేత ఒక్కొక్క కన్నూ మూయించి, ఏం రంగని అడిగింది. ఎడమకంటికి ఎరుపు. కుడికంటికి వెలిసిన ఇటుక. ఏడుగురు తేల్చలేని విచారణ సీసా మూతతో తేలిపోయింది. తరువాత ఆమె చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు వ్రాస్తున్నాను. "స్టెరాయిడ్ ఎక్కించుకుంటే చూపు త్వరగా తేరుకుంటుంది. ఎక్కించుకోకపోయినా చాలామందికి మెల్లమెల్లగా దాదాపు అంతే వస్తుంది. జబ్బు ముందుముందు ఎలా నడుస్తుందో ఈ మందు మార్చదు. మీరు ఏది ఎంచుకున్నా తప్పు కాదు. చూపు ఇంకా తగ్గినా, నొప్పి ఓర్చుకోలేకపోయినా మాత్రం ఆగకుండా రండి." నేను అల్లుడి ముఖం చూశాను, అల్లుడు నా ముఖం చూశాడు. తేల్చుకోవాల్సింది మీరిద్దరూ కాదంటూ ఆమె మమ్మల్ని బయట కూర్చోబెట్టింది.

4. సెలవు కోసం అల్లుడు ఆస్పత్రి నుంచే తమ కార్యాలయానికి ఫోను చేసి డాక్టరమ్మ చెప్పింది చెప్పాడు. మేం ఇంటికి చేరేసరికి తమ మెమో మాకంటె ముందు చేరి ఉంది. "వైద్యులు సూచించిన స్టెరాయిడ్ చికిత్సను వెంటనే పూర్తిచేసుకొని సోమవారము విధులకు హాజరు కావలెను. చికిత్స నిరాకరించిన పక్షమున జబ్బు లేనట్లుగా భావించి, సెలవు గైరుహాజరుగా పరిగణింపబడును." దానికి ఫైలు నకలు కూడా జతచేశారు. తమ పెద్దమనసుకు కృతజ్ఞుణ్ణి, లేకపోతే ఈ వైభవం చూసి ఉండేవాణ్ణి కాదు. నా కూతురి ఒంట్లోకి మందు ఎక్కించడానికి మిషను ఫోర్‌మన్ గారు "అభ్యంతరం లేదు" అన్నారు. ధన్యులం. బైండింగు వారు "త్వరపెట్టవచ్చు" అన్నారు. లెక్కల వారు "గతంలో అనుసరించిన పద్ధతినే అనుసరించవచ్చు" అన్నారు. రవాణా వారు "వాహనము అందుబాటులో లేదు" అని వ్రాశారు, అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడుగున పచ్చ సిరాతో "ఆమోదించడమైనది" అని తమరు. ఎందుకింత తొందరని విచారిస్తే వార్షిక నివేదిక అచ్చుకు వెళ్ళాలట. మొదటి పేజీలో తమ ఫొటో, దాని కింద తమ సందేశము ఉంటాయట. అయ్యా, ఆ నివేదికను ఈ భూమి మీద మొదటినుంచి చివరిదాకా చదివే మనిషి మా అమ్మాయి ఒక్కతే. అదీ జీతానికి.

5. నేను స్వయంగా వచ్చి తమ గది బయట బల్ల మీద కూర్చున్నాను. లోపలికి పిలిచాక తమరు అన్నమాట: "మందు వద్దంటే జబ్బు లేనట్టే కదా పెద్దాయనా." ఆ పైన తమ బావమరిది కూడా స్టెరాయిడ్ వాడాడనీ, ఇట్టే తగ్గిపోయిందనీ సెలవిచ్చారు. ఎక్కడ వాడాడని అడిగాను. మోచేతి దురదకు పూశాడన్నారు. బాబూ, అది పూతమందు, ఇది సీసాలు సీసాలుగా నరంలోకి ఎక్కించేది, చక్కెర పెరుగుతుంది, నిద్ర పట్టదు, మనిషి మనిషిలా ఉండదు అని నాకు తెలిసినంతలో చెప్పుకున్నాను. "స్టెరాయిడ్ స్టెరాయిడే" అని తమరు గంట కొట్టారు. ఎందుకు కొట్టారో తమకూ తెలియదు, పరుగెత్తుకొచ్చిన అటెండరుకూ తెలియదు. వచ్చాడు గనుక నన్ను బయటికి తీసుకువెళ్ళాడు.

6. గతంలో అనుసరించిన పద్ధతి అన్నారు గనుక అదేమిటో తెలుసుకోండి. కాలికి వచ్చినప్పుడు ఆ మందు ఎక్కించుకున్నది. కాలు చప్పున తేరుకుంది, మందును నేను తిట్టను. కాని మందు ఎక్కినన్నాళ్ళూ రెప్ప వాల్చలేదు. ఏం తిన్నా నోట్లో ఇనుమే. ముఖం ఉబ్బి అద్దం చూడటం మానేసింది. వంటింట్లో గిన్నెలన్నీ దింపి, తోమి, సర్ది, మళ్ళీ దింపి తోమింది. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా వంకరగా ఉందని అల్లుడితో యుద్ధం చేసింది. మందు ఆపాక ఉన్నట్టుండి కిటికీ పక్కన కూలబడి మాట మానేసింది. అప్పుడు ఎవరు ఏం చెప్పినా ఊ అన్నదే తప్ప, ఇది నాకు కావాలి, ఇది వద్దు అని ఒక్కమాట రాలేదు. నా పిల్లను అట్లా చూశాను నేను.

అటువంటి పిల్ల నిన్న ఏం చేసిందో వినండి. నేనూ అల్లుడూ అటొక మాట ఇటొక మాట లాగుతుంటే చేయెత్తి ఇద్దరినీ ఆపింది. తమ ఫైలు ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని అన్ని పేజీలూ చదివింది. చదివి, "ఇందులో నేనెక్కడున్నాను నాన్నా?" అని అడిగింది. నేను నిజంగానే వెతికాను. ఏడు సంతకాలున్నాయి, ఆమె మాట ఒక్కటి లేదు. అప్పుడు చెప్పింది, ఇప్పుడే వద్దు, చూస్తాను అని. అల్లుడు నోరు తెరవబోతే, నీ కంటికి వచ్చినప్పుడు నువ్వు చెప్పు అన్నది. నాకు ఒళ్ళు పులకరించింది. వెనక్కి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. తమకు పిల్లలుంటే అర్థమవుతుంది, లేకపోతే ఫైలు తిప్పి తెలుసుకోండి.

కావున తమను ప్రార్థించునది ఏమనగా:

అ) మెమోను వెంటనే రద్దు చేయవలెను. మందు తీసుకోనంత మాత్రాన జబ్బు లేనట్లు కాదు. బుర్ర వాడనంత మాత్రాన అధికారి లేనట్లు కాదు గదా.

ఆ) ఆమె చూపు తేరుకునేదాకా వైద్య సెలవు మంజూరు చేయవలెను. డాక్టరమ్మ ఇచ్చిన చీటీ జతచేశాను.

ఇ) ఎర్రని సిరాను పలచనన్న ఏడుగురికీ ప్రభుత్వ ఖర్చుతో కంటి పరీక్ష చేయించవలెను. తమతో మొదలుపెడితే బాగుంటుంది.

ఈ విన్నపమును ఏ సెక్షనుకూ తిప్పకుండా, ఎవరి అభిప్రాయమూ కోరకుండా, తమ రెండు కళ్ళతో తామే చదివి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రూఫ్ రీడరు అమ్మాయి తండ్రి

తా.క.: ఇది కవరులో పెట్టి అంటించబోతుండగా అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. పొద్దుటినుంచి సలుపు బాగా పెరిగిందట. గోడ గడియారం మీద అంకెలు కుడికంటికి అసలు కనిపించడం మానేశాయట. ఎడమకన్ను మూసి ఇంకోసారి గడియారం వైపు చూసింది. తరువాత, "లే నాన్నా, వెళ్దాం. మందు ఎక్కించుకుంటాను" అన్నది.

నేను కవరు చూపించి, మరి ఇదంతా ఏం చేయను తల్లీ, తన మెమో చూసే వేయించుకుందని ఆయన విర్రవీగుతాడు అన్నాను.

"విర్రవీగనీ. నిన్న వద్దన్నదీ నేనే, ఇవాళ కావాలంటున్నదీ నేనే. ఆయన ఏమనుకుంటాడోనని ఆగితే అప్పుడు నిజంగా ఆయన మాట విన్నట్టు."

అందువలన అయ్యా, పైన వ్రాసినదానిలో ఒక్క అక్షరం మార్చడం లేదు. మెమో రద్దు చేయాల్సిందే, సెలవు ఇవ్వాల్సిందే. రేపు ఆమె చేతికి సూది గుచ్చి ఉందని తెలిసి, మన మెమో పనిచేసిందని తమరు ఫైలులో వ్రాసుకుంటే మాత్రం మళ్ళీ వస్తాను, ఈసారి బల్ల మీద కూర్చోను.

నాకు భయంగా ఉంది. దాచుకోను. కాని సంతోషం పిసరంత కూడా తగ్గలేదు. అమ్మాయి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి, అల్లుణ్ణి బండి తీయమంటోంది, నన్ను కదలమంటోంది. పైన తమ విధేయుడినని వ్రాసిన మాట కొట్టివేసుకోండి. నేను ఆవిడకు మాత్రమే విధేయుణ్ణి. పిలుస్తోంది, వెళ్ళాలి.