ఫొటోలో నా బొటనవేలు

మంగళవారం రాత్రి, గుంటూరు

మిరప ముడత తెగులు మీద రాసిన పేపర్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళిపోయింది. పంపింది నేనే, నా చేతులతోనే.

సాయంత్రం డీటీపీ సెంటర్లో కూర్చుని, వాళ్ళడిగినట్టు రెండు కాలమ్‌లుగా సర్దుతున్నాను. మా రీసెర్చి గైడు గారు వెనక నిలబడి రచయితల పేర్లు చెప్పారు. ముందు ఆయనది, తర్వాత ఆయన తోడల్లుడిది. ఆ పెద్దమనిషి మిరప చేను గట్టు కూడా తొక్కలేదు. మూడో పేరు కోసం నా వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి.

"అంతేనమ్మా," అన్నారు.

"సార్, మరి నాది?"

"వచ్చే పేపర్లో వేద్దాంలే. ఇందులో చివర థ్యాంక్స్ చెప్పు, టైపింగులో సాయం చేసిందని. నువ్వు మా ఇంటి పిల్లవేగా!"

టైపింగట! చిలకలూరిపేట చేలల్లో రెండు పంటకాలాలు ఎండలో తిరిగిందెవరు? కాయలు కోసి తూచి, ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుని ఏడ్చిందెవరు? వాళ్ళింట్లో ఎన్నిసార్లు అన్నం తిన్నానో. అందుకేనేమో, ఆ థ్యాంక్స్ కూడా నేనే టైపు చేశాను...

చివరికి ముడత ఆకు ఫొటో కాలమ్‌లో పట్టలేదు. ఆకు కింద నా బొటనవేలు, గోరింటాకు గోరుతో సహా కనిపిస్తోంది.

"ఆ వేలు తీసెయ్యమ్మా. మనకి ఆకు చాలు."

తీసేశాను. వెంటనే పట్టేసింది.

ఇప్పుడు ఆ ఫొటోలో ఆకు, ఎవరూ పట్టుకోకుండానే నిలబడి ఉంది.