సహాయకుడు వద్దు, పేజీ కావాలి

ఎల్బీనగర్.

పరిపాలన విభాగం సంయుక్త సంచాలకులు గారి సముఖమునకు, హయత్‌నగర్ అవతలి శాఖా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్న సంతోషి వ్రాసుకొన్న అర్జీ.

విషయం: బదిలీల పోర్టల్‌లోని కాలం చెల్లిన ప్లగిన్‌ను తొలగించి, ఓపెన్ స్టాండర్డ్స్‌తో తయారైన పేజీని పెట్టించుట, మరియు నాకు నియమించిన సహాయకుడిని రద్దు చేయుట గురించి.

అయ్యా,

1. నేను పుట్టుకతో అంధురాలిని. ఉద్యోగంలో చేరినప్పటి నుండి గత బదిలీల వరకు దిల్‌సుఖ్‌నగర్ కార్యాలయంలో పనిచేశాను. నా కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఉంది. దాని సాయంతోనే ఫైళ్ళు చూస్తాను, నోట్లు పెడతాను, పేపరు వింటాను, కరెంటు బిల్లు కడతాను. ముందుగా ఈ సంగతి మనవి చేయడానికి కారణం, నేను దయ అడగడం లేదని తమరు గ్రహించుటకే.

2. సదరు బదిలీల పోర్టల్ తెరుచుకోవాలంటే బ్రౌజరుకు ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామును అదనంగా తగిలించాలి. దాన్ని తయారుచేసిన కంపెనీయే ఎప్పుడో వదిలేసింది. ఇప్పటి బ్రౌజర్లేవీ దాన్ని లోపలికి రానివ్వవు. ఎక్కడో ఒక పాత కంప్యూటరు బతికి ఉంటే అందులో మాత్రమే ఆ పేజీ వస్తుంది. వచ్చినా నా సాఫ్ట్‌వేరుకు అందులో ఏమీ దొరకదు. చూపున్నవారికి కార్యాలయాల పేర్లూ బటన్లూ కనబడే చోట నాకు వినబడేది ఒకటే మాట, 'ఆబ్జెక్ట్'. బాణం మీట నొక్కితే మళ్ళీ 'ఆబ్జెక్ట్'.

3. గత బదిలీలలో ఉద్యోగులందరూ తమకు కావలసిన చోట్లను వరుస క్రమంలో ఆ పోర్టల్‌లోనే నింపాలని ఉత్తర్వులు వచ్చాయి. నా తరఫున నింపినవారు మా కార్యాలయపు సీనియర్ అసిస్టెంటు రామమోహనరావు గారు. ఆయనది కోస్తా వైపు. చాలా ఏళ్ళుగా నా పక్క టేబులు. సాయంత్రం మెట్రో మెట్ల దాకా తోడు వచ్చి, రోడ్డు దాటించి వెళ్ళే మనిషి. నా మొదటి కోరిక దిల్‌సుఖ్‌నగరే అని, రెండోది నాగోలు అని చెప్పాను. ఆయన నింపారు. "అయిపోయిందమ్మా, రెండూ పెట్టేశాను," అన్నారు. నేను సరేనన్నాను. అంతకంటె నేను చేయగలిగినది లేదు.

ఫలితాలు వచ్చాయి. నన్ను హయత్‌నగర్ దాటి హైవే పక్కనున్న కార్యాలయానికి వేశారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను కూర్చున్న సీటు రామమోహనరావు గారి మేనకోడలు సింధూరకు దక్కింది.

4. అనుమానం పడ్డాను. దాచడం ఎందుకు. ఆ రోజే ఆయన టేబులు దగ్గరకు వెళ్ళి, మొదటి కోరిక ఏమి పెట్టారో చెప్పమని నలుగురి ముందు అడిగాను. ఆయన చెప్పినదే మళ్ళీ చెప్పారు. సింధూర పేరు ఎత్తాను. ఆయన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది. అప్పటి నుండి మా మధ్య మాటలు లేవు. ఆ సాయంత్రం మెట్రోకు నేను ఒక్కదాన్నే నడిచాను.

5. కొత్త చోటు సంగతి. మెట్రోలో స్టేషన్ పేరు చెబుతారు, నేల మీద గీతల పలకలు ఉంటాయి, లిఫ్టు మాట్లాడుతుంది. హయత్‌నగర్ వైపు బస్సులో స్టాపు పేరు ఎవరూ చెప్పరు. చేరిన తొలి వారంలోనే కండక్టరు మరచిపోయి స్టాపు దాటాక దింపాడు. వెనక్కి నడుస్తూ నేను రోడ్డు మధ్యలోకి వెళ్ళిపోయాను. రెండు వైపులా లారీలు పోతున్నాయి. చేతికర్రకు తగిలేందుకు ఏదీ లేదు. ఏ వైపు అడుగు వేసినా తప్పే అనిపించి అక్కడే నిలబడిపోయాను. ఎవరో ఒకావిడ చెయ్యి పట్టి లాగి పక్కకు తెచ్చింది, తిట్టింది కూడా. ఆమె పేరు అడిగే స్థితిలో లేను.

6. పై కారణము చేత పునఃపరిశీలన కోరుటకు నిశ్చయించుకొంటిని. అది కూడా సదరు పోర్టల్ ద్వారానే దాఖలు చేయాలట. ఈసారి రామమోహనరావు గారిని అడగలేను. మా ఆయన అంతయ్య డీసీఎం సరుకుల వ్యాను డ్రైవరు. ఆయనకు తెలుగు చదవడం వచ్చు గానీ పోర్టల్ అంతా ఇంగ్లీషు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందులో బక్కయ్య అనే ఆయన ఇంటర్నెట్ సెంటరులో పాత కంప్యూటరు ఇంకా నడుస్తోందని తెలిసి, ఇద్దరం అక్కడికి వెళ్ళాము.

బక్కయ్య నేను చెప్పినదంతా కొట్టి, "అయిపోయింది మేడం, పంపిన," అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. వెనుక వరుసలో నిలబడ్డ ఒకావిడను, ఆమె పేరు జ్యోతిక, ప్రైవేటు స్కూలు టీచరు, తెర మీద ఏముందో చదవమని బతిమాలాను. ఆమె దగ్గరకు వచ్చి చూసింది.

"సేవ్ అయినట్టు ఉంది మేడం. పోయినట్టు మాత్రం రాస్తలేదు," అంది.

బక్కయ్యకు కోపం వచ్చింది. పొద్దున్నుంచి ఇదే పని చేస్తున్నానని, ఈ పేజీ ఇట్లనే చూపిస్తుందని అన్నాడు. మళ్ళీ నొక్కమన్నాను. నొక్కాడు. తెర బూడిద రంగుకు తిరిగి ఆగిపోయిందని జ్యోతిక చెప్పింది. ఇక అది లేవలేదు.

ఇంటికి వస్తుంటే ఆటోలో అంతయ్య, "ఎవ్వల్నో ఒకల్ని నమ్మాలె గదనే, గిట్ల అందర్నీ శక్ చేస్తే ఎట్ల బతుకుతవు?" అన్నాడు. ఆయన తప్పు మాట అనలేదు. కానీ చూపున్నవాళ్ళు నమ్మాలనుకుంటే నమ్ముతారు, లేదంటే వంగి తెర చూసుకుంటారు. నాకు రెండోది లేదు.

నా పునఃపరిశీలన అర్జీ దాఖలు కాలేదని గడువు తీరిన తర్వాత తెలిసింది.

7. ఆ తరువాత ప్రధాన కార్యాలయంలో ఈ ప్లగిన్ విషయమై అభిప్రాయ సేకరణ సమావేశం జరిగినది తమకు విదితమే. తమరు అధ్యక్షత వహించారు. తమ గొంతు నాకు గుర్తు. ఐటీ విభాగం విజయశ్రీ గారు మాట్లాడుతూ, ప్లగిన్‌కు దిక్కూ మొక్కూ లేదని, దాని భద్రతలోని కన్నాలను పూడ్చేవారు లేరని, ఓపెన్ స్టాండర్డ్స్ అంటే ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని బాహాటమైన పద్ధతులని, వాటితో పేజీ చేస్తే ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుందని, నా బోటివారి సాఫ్ట్‌వేరు కూడా చదువుతుందని చెప్పారు.

పోర్టల్ నిర్వహిస్తున్న కంపెనీ తరఫు మనిషి ఒప్పుకోలేదు. నడుస్తున్నదాన్ని కదిలిస్తే ఆగిపోతుందన్నాడు. నడుస్తున్నది ఎవరికి అని నేను లోపల అనుకున్నాను. పైకి చదివే సాఫ్ట్‌వేరును లోపలికి రానిస్తే శాఖ రహస్యాలు పక్కవాళ్ళకు వినబడతాయని కూడా అన్నాడు. హాలులో ఎవరూ నవ్వలేదు. నా చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయని ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదా అని ఆ రోజు నుండి ఆలోచిస్తున్నాను. ఏటేటా ఆ కంపెనీకే నిర్వహణ ఎందుకు దక్కుతున్నదని కూడా ఆలోచిస్తున్నాను. జవాబు నా దగ్గర లేదు. తమ దగ్గర ఉండవచ్చును.

చివరకు ఎవరో, అంధ ఉద్యోగులు శాఖ మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే కదా, ఒక్కొక్కరికి ఒక సహాయకుడిని ఇస్తే సరిపోతుంది అన్నారు. అందరికీ అది తేలికైన మార్గంగా తోచినట్లుంది. కుర్చీలు కదిలాయి. నేను లేచాను.

"సార్, నాకు సహాయకుడు వద్దు. నాకు పేజీ కావాలె," అన్నాను.

సహాయకుడు ఉంటే నష్టమేమిటని తమరు అడిగారు. అప్పుడు వెనుక నుండి ఒకరు లేచి మాట్లాడారు. రామమోహనరావు గారు. ఆయన వచ్చినట్టే నాకు తెలియదు.

"నష్టం ఏమిటో నేను చెబుతానండి. కిందటిసారి ఈవిడ ఆప్షన్లు నింపింది నేను. ఆవిడ చెప్పినట్టే నింపాను. సింధూర తనది తనే నింపుకుంది, తనకు కళ్ళున్నాయి గనక. నేను మోసం చెయ్యలేదని ఈవిడకు రుజువు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. చేశానని అనడానికి ఆవిడ దగ్గరా ఏమీ లేదు. ఆ పేజీ ఏదో ఆవిడకే వినిపించి ఉంటే, మేమిద్దరం ఇవాళ్టికీ కలిసి టీ తాగుతూ ఉండేవాళ్ళం."

నేను ఇంకా నిలబడే ఉన్నాను.

8. సమావేశం ముగిశాక విజయశ్రీ గారు తాను ప్రయోగంగా చేసిన పేజీని నా ముందు పెట్టారు. ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నాను. 'మొదటి ఐచ్ఛికం, ఎంచుకోండి' అని వినబడింది. బాణం నొక్కాను. హయత్‌నగర్ అంది. ఇంకోసారి నొక్కితే నాగోల్. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్. ఎంచుకున్నాను. 'మొదటి ఐచ్ఛికం దిల్‌సుఖ్‌నగర్' అని తిరిగి చెప్పింది. నాకు దాని మీదా అనుమానం వచ్చింది. తీసేసి హయత్‌నగర్ పెట్టాను, హయత్‌నగర్ అని చెప్పింది. మళ్ళీ మార్చాను, అదీ చెప్పింది. అట్లా ఎన్నిసార్లు మార్చానో గుర్తులేదు. ప్రతిసారీ ఉన్నదే చెప్పింది. ఉద్యోగంలో చేరాక మొదటిసారి నా సంగతి ఇంకొకరి నోటి నుండి కాక నేనే తెలుసుకున్నాను. ఏడుపు వచ్చింది.

9. ఇది జరిగి నెలలు గడిచాయి. ప్రయోగపు పేజీని 'భద్రతా కారణాల' వల్ల తీసివేసినట్లు తెలిసింది. ఏ భద్రత, ఎవరి భద్రత, కారణం వ్రాతపూర్వకంగా ఇమ్మంటే ఇవ్వలేదు. వచ్చే వారం నుండి కొత్త బదిలీలు మొదలవుతున్నాయి, మళ్ళీ ఆ ప్లగిన్‌తోనే. నిన్న ఉత్తర్వు అందినది. నాకు సహాయకుడిగా నియమితులైనది శ్రీ రామమోహనరావు.

ఇది తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది తమకే వదిలిపెడుతున్నాను. ఉత్తర్వు చేతికి వచ్చిన సాయంత్రం రామమోహనరావు గారు మా ఇంటికి వచ్చారు. అంతయ్య కుర్చీ వేశాడు, మా అత్త అరుణమ్మ చాయ్ పెట్టింది. చాలాసేపు ఎండల గురించీ, ఎల్బీనగర్ చౌరస్తా ట్రాఫిక్ గురించీ మాట్లాడుకున్నాము. లేచేటప్పుడు ఆయన, "వద్దని రాసెయ్యమ్మా. కింద నేనూ సంతకం పెడతాను," అన్నారు.

10. ఆయన మోసం చేయలేదనే ఈరోజు నేను నమ్ముతున్నాను. అయితే నమ్మడం వేరు, తెలియడం వేరు. ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్న మనిషిని నమ్మాలా వద్దా అని లోపల తూకం వేసుకుంటూ బతకడం ఎంత బరువో తమకు తెలియదు. ఆ బరువు నా మీద దేవుడు పెట్టలేదు. పోర్టల్ పెట్టింది.

కావున ప్రార్థించుకొనునది ఏమనగా, బదిలీలు మొదలయ్యేలోగా విజయశ్రీ గారి పేజీని తిరిగి పెట్టించాలి. అది వీలుకాని పక్షంలో పేజీ సిద్ధమయ్యేవరకు బదిలీలను ఆపాలి. సహాయకుని ఉత్తర్వును రద్దు చేయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కాదన్నా, కారణాన్ని నా కంప్యూటరు చదవగల రూపంలో ఇప్పించాలి.

తమరు దీనిని చిత్తగించి, ఈసారి చెవి కూడా ఒగ్గవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
సంతోషి

పై విషయములు నిజమని, నియామకం నాకూ సమ్మతం కాదని ధ్రువీకరిస్తూ,
రామమోహనరావు

తా.క. ఈ అర్జీని నేనే టైపు చేశాను, నా కంప్యూటరు నాకు వినిపించింది, అంతా సరిగ్గానే ఉంది. అర్జీలు తీసుకునే మీ పేజీకి కూడా అదే ప్లగిన్ కావాలట, అందుకని కాగితం మీద ఇవ్వవలసి వచ్చింది. ప్రింటు తీసింది రామమోహనరావు సార్. కాగితం నేను చదవలేను. నా మొహం చూసి ఆయనే అన్నారు, దొరగారి చేత పైకి చదివించుకో అని. ఇద్దరం మీ గది బయట బెంచీ మీద కూర్చున్నాం. తలుపు కొంచెం తెరిచి పెట్టి, మొదటి నుంచి గట్టిగా చదవండి సార్. ఒక్క మాట తేడా వచ్చినా నాకు తెలుస్తుంది.